జలుబు ముక్కుకి, దెబ్బ కిడ్నీకి

జలుబుకి మందేసుకుంటే వారం రోజుల్లో తగ్గుతుంది, వేసుకోకపోతే ఏడు రోజులు పడుతుంది. ఈ పాత జోకు తెలియని తెలుగువాడు ఉండడు. తెలిసి కూడా ముక్కు కారగానే మెడికల్ షాపుకి పరిగెత్తని తెలుగువాడు కూడా ఉండడు :)

మొన్న సంక్రాంతికి భావనపాడు వెళ్ళాను. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో, నౌపడా ఉప్పుమడులు దాటాక సముద్రం ఒడ్డున ఉంటుంది. మా మావయ్య అక్కడ బోటు మీద వేటకెళ్తాడు. నేను వెళ్ళేసరికి ఆయనకి జలుబు, ఒళ్ళునొప్పులు, కాస్త వెచ్చగా కూడా ఉంది. పొద్దున్నే ఊళ్ళో వైద్యం చేసే ఒకాయన దగ్గర సూది వేయించుకుని, కాగితం పొట్లంలో ఓ "సెట్టు" తెచ్చుకున్నాడు. విప్పి చూశాను. నాలుగు బిళ్ళలు. స్ట్రిప్పులు కత్తిరించి ఇవ్వడంతో వెనకాల పేర్లు సగం సగమే ఉన్నాయి. కూడబలుక్కుని చదివితే ఒకటి యాంటీబయోటిక్, ఒకటి డైక్లోఫెనాక్ కలిసిన నొప్పి మాత్ర, ఒకటి సెట్రిజిన్, ఇంకోటి గ్యాస్ బిళ్ళ. సూదిలో ఏముందో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.

"జలుబుకి ఇన్నెందుకు మావయ్యా?" అన్నాను.

"నీకేటల్లుడా, కంప్యూటరు ముందల కూకుంతావు. నానింటికాడ తొంగుంతే బోటు ఆగుతాదేటి? సూది ఏసుకుంతే రేపు ఏటకెల్లిపోవచ్చు" అన్నాడు.

దీనికి నా దగ్గర వెంటనే సమాధానం లేకపోయింది. ఎందుకంటే రిలీజ్ ముందు రోజు నేను చేసేదీ అదే. కాకపోతే ఆయన బిళ్ళలు పొట్లంలో వస్తాయి, నావి రంగుల స్ట్రిప్పులో వస్తాయి.

సరే, అసలు విషయానికొస్తే, జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. వాటిలో ఎక్కువ వాటా రైనోవైరస్‌లది, వాటిలోనే 160కి పైగా రకాలున్నాయి. అందుకే ఒకసారి వచ్చిందని ఇంకోసారి రాకుండా ఉండదు, టీకా కూడా లేదు. ఇంగ్లండులో సాలిస్‌బరీ దగ్గర జలుబు కోసమే ఓ పరిశోధన కేంద్రం పెట్టి, 1946 నించి నాలుగు దశాబ్దాలకి పైగా వాలంటీర్ల ముక్కుల్లో వైరస్ చుక్కలు వేసి చూశారు. చివరికి దాన్ని మూసేశారు గానీ జలుబుకి మందు మాత్రం దొరకలేదు. అంత మంది కుస్తీ పట్టినా లొంగనిది మన వీధి చివర షాపులో పది రూపాయలకి లొంగుతుందా?

యాంటీబయోటిక్ పనిచేసేది బాక్టీరియా మీద. వైరస్ మీద దాని ప్రభావం సున్నా. చీమిడి పచ్చగా మారితే "ఇన్ఫెక్షన్ ముదిరింది" అని చాలామంది యాంటీబయోటిక్ మొదలెడతారు. కానీ ఆ రంగు మన తెల్లరక్తకణాలు పని చేస్తున్నాయనడానికి గుర్తు, అంతే. అనవసరంగా వాడిన ప్రతిసారీ మన ఒంట్లో ఉన్న బాక్టీరియాకి ఆ మందుని తట్టుకోవడం నేర్పిస్తున్నట్టే. రేపు న్యుమోనియా వచ్చినప్పుడు ఆ మందు పనిచెయ్యదు.

నన్ను అంతకంటే భయపెట్టింది ఆ నొప్పి మాత్ర. భావనపాడు నించి తీరం వెంబడి ఉత్తరానికి వెళితే వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి... అంటే ఉద్దానం. అక్కడి కిడ్నీ జబ్బు గురించి చెప్పక్కర్లేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ రోగుల కోసమే 200 పడకల ఆసుపత్రి ప్రారంభించాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. ఆ జబ్బుకి అసలు కారణం ఇంతవరకూ తేలలేదు. దానికి నొప్పి మాత్రలే కారణమని నేననను. కానీ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీకి హాని చెయ్యగలవన్నది తేలిన విషయమే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం సరిగా అందేలా ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు కాపాడతాయి. ఈ మాత్రలు నొప్పి తగ్గించేది వాటిని ఆపేసే. రోజంతా ఎండలో చెమటోడ్చే మనిషి, జ్వరంతో, నీళ్ళు సరిగా తాగకుండా ఈ బిళ్ళ మింగితే దెబ్బ ఎవరికి? మన భాషలో చెప్పాలంటే ఎర్రర్ మెసేజ్ కనబడకుండా చేసి, బగ్ పోయిందని టికెట్ మూసేయడం. పైగా ఆ చేసింది కూడా ప్రొడక్షన్ సర్వర్ మీద.

మరి ఏం చెయ్యాలి? విశ్రాంతి, బాగా నీళ్ళు, వేడి వేడి చారు. జ్వరం, నొప్పులు ఉంటే పారాసెటమాల్, అదీ మోతాదు మించకుండా. గొంతు నొప్పికి ఉప్పునీళ్ళతో పుక్కిలించడం (నౌపడా ఉప్పు ఉండనే ఉంది). మిరియాల పాలు, శొంఠి కషాయం జలుబుని తగ్గించకపోయినా గొంతుకి హాయిగా ఉంటాయి. ఏడాది దాటిన పిల్లలకి దగ్గుంటే చెంచాడు తేనె. అమృతాంజనం రాసుకోవచ్చు. ముక్కు నిజంగా తెరుచుకోదుగానీ తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, ఆ మాత్రం మాయ చాలు.

పిల్లలకి మాత్రం షాపువాడిచ్చిన సిరప్ వద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగి పసిపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్యశాఖ రెండేళ్ళలోపు వాళ్ళకి దగ్గు, జలుబు మందులు రాయొద్దనీ, ఐదేళ్ళలోపు వాళ్ళకి కూడా సాధారణంగా అక్కర్లేదనీ చెప్పింది.

ఆయాసం, ఛాతీ నొప్పి, మూడు రోజులు దాటిన జ్వరం, తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎక్కువవడం, పిల్లలైతే పాలు తాగకపోవడం, డొక్కలెగరేయడం, వీటిలో ఏది కనిపించినా డాక్టరు దగ్గరికే. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష తప్పనిసరి.

రాకుండా చూసుకోవాలంటే సబ్బుతో చేతులు కడుక్కోవడం, ముక్కూ కళ్ళూ నలపకుండా ఉండటం, కిటికీలు తెరవడం. మన ఆఫీసుల్లో ఆ చివరిది కుదరదు. అందుకే తుమ్ములొస్తుంటే దయచేసి ఇంట్లో ఉండండి. ఏసీ మీటింగ్ రూములో ముక్కు చీదుకుంటూ కూర్చునేవాణ్ణి "ఎంత కమిట్‌మెంటో" అని మెచ్చుకోవడం మానేద్దాం. వాడి వల్ల వచ్చే వారం సగం టీమ్ మంచమెక్కుతుంది.

ఇదంతా మావయ్యకి చెప్పాను. విని, "మరైతే ఆ నాల్రోజుల కూలెవులిస్తారు?" అన్నాడు. చేపలు గుడ్లు పెట్టుకోవాలని ఏప్రిల్ 15 నించి 61 రోజులు వేట ఆపుతారు, ఆ రోజులకి ప్రభుత్వం భృతి కూడా ఇస్తుంది. మంచిదే. కానీ జ్వరమొచ్చిన మనిషికి మూడు రోజుల సెలవు లేదు. జలుబుకి అసలైన మందు విశ్రాంతి. అది జీతంతో సహా దొరికేది మనలాంటి కొద్దిమందికే. దాన్ని మనం వాడుకోము, వాళ్ళు వాడుకోలేరు. ఆ ఖాళీని పూడ్చేదే సూదీ, సెట్టూ. ఊళ్ళో వైద్యుణ్ణి తిట్టి లాభం లేదు, ఆయన అమ్మేది మందు కాదు, మర్నాటి కూలి.

ఆ నాలుగు రోజుల కూలి నేనిచ్చాను, మావయ్య మొహమాటపడుతూనే తీసుకున్నాడు. టెక్కలి తీసుకెళ్ళి క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించాను. రిపోర్టు బాగానే వచ్చింది. "సూసావా, నాకేటవనేదు" అని నా మీదే గెలిచినట్టు నవ్వాడు. కానీ ప్రతి మావయ్యకీ ఐటీ అల్లుడుండడు కదా.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "భోంచేశారా?" తర్వాత ఇంకో ప్రశ్న కూడా అడగండి: "జలుబు చేస్తే ఏం బిళ్ళలు వేసుకుంటున్నారు?" జవాబు విన్నాక మీరే ప్రయాణానికి టికెట్ తీసుకుంటారు.