బోరింగు పక్కన పెద్దమ్మ

పోయినేడు హైదరాబాద్‌లో ఒక ఫోటో ప్రదర్శనకి వెళ్లాను. ఔత్సాహిక ఫోటోగ్రాఫర్ల పోటీ అది. బహుమతులొచ్చిన ఫోటోల వరుసలో మా పెద్దమ్మ కనబడింది.

నలుపు తెలుపు ఫోటో. వంగిపోయిన నడుము, చేతికర్ర, పక్కన బోరింగు, కాళ్ల దగ్గర ఖాళీ బిందె. ఆకాశం బొగ్గులాగా నల్లగా ఉంది. ఫోటో పేరు ‘దాహం’. ఊరు మర్రిగూడ, నల్లగొండ జిల్లా. ఫోటో జర్నలిజం విభాగంలో మొదటి బహుమతి.

ఫోటో బాగుంది. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను. వెలుతురు ఎటునుంచి పడాలో, బిందె ఎక్కడుండాలో తెలిసినవాడే తీశాడు. కానీ ఆ బోరింగు నాకు తెలుసు. దాని రాడ్డు విరిగి ఏళ్లయింది. పెద్దమ్మ నడుం వంచింది అలాంటి బోరింగుల నీళ్లే, అది నిజం. ఇప్పుడు ఆమె తాగేది మాత్రం ఇంటిముందు నల్లా నీళ్లు. ఆ రాత్రి ఫోన్ చేశాను.

“బోరింగు కాడ ఎవరన్న ఫోటో తీసిన్రా పెద్దమ్మా?”

“తీసిన్రు బిడ్డా. కార్ల ముగ్గురు పోరగాళ్లొచ్చిన్రు. ఇంటికాడ వద్దన్నరు, ఆడ నిలవడుమన్నరు. బిందె గూడ తెమ్మన్నరు. ఎండల కాళ్లు గుంజినయ్ గని, మంచోళ్లే. పోయేటప్పుడు రెండు నూర్లు చేతుల వెట్టిన్రు.”

అదే పోటీకి, అదే విభాగానికి నేనూ ఒక ఫోటో పంపాను. అదీ పెద్దమ్మదే. ఇంటి ముందు కూర్చుని నల్లా కింద చెంబు పట్టుకుంటుంటే తీసింది. వెనక గడపలో ఆమె మనుమరాలు నిలబడి ఉంది. “పెండ్లి కావల్సిన పిల్ల. దాని మొకం వద్దు కొడుకా” అంది పెద్దమ్మ. ఆ మాటకి అర్థం మా వైపు అందరికీ తెలుసు. ఫ్లోరైడ్ ఊరి పిల్ల అంటే సంబంధాలు వెనక్కి పోయిన రోజులున్నాయి. అందుకని ఆ పిల్ల ముఖం మసక చేసి పంపాను. మసక చేశానని ఫోటో కింద రాశాను కూడా. వారం తిరక్కుండా జవాబొచ్చింది: చిత్రంలోని అంశాన్ని మార్చారు కాబట్టి మీ ఎంట్రీ చెల్లదు.

నాకు బహుమతి రాలేదని ఏడుస్తున్నానని మీరనుకోవచ్చు. కొంచెం ఏడ్చాను, నిజమే. కానీ నా ఫోటో గొప్పదేం కాదు, బహుమతికి నిలిచేదీ కాదు. నా గొడవ వేరే. ఒకే మనిషి, ఒకే ఊరు, ఒకే నిబంధన. లేని దాహాన్ని నిలబెట్టి తీసిన ఫోటో ఆ నిబంధన లెక్కలో నిజాయితీగలది. అడిగిన మాట మన్నించిన ఫోటో మోసం. ఇదెట్లా జరుగుతుంది?

నిబంధనలు తప్పుగా రాశారని కాదు. ఫియాప్, అమెరికా పీఎస్‌ఏ లాంటి సంస్థల నిర్వచనాలనే మన క్లబ్బులూ సలాన్లూ చాలావరకు అరువు తెచ్చుకుంటాయి. ప్రకృతి, ఫోటో జర్నలిజం విభాగాల్లో చిత్రంలోకి ఏదీ కొత్తగా చేర్చకూడదు, జరపకూడదు, తీసేయకూడదు. క్రాప్ చేసుకోవచ్చు. సెన్సర్ మీది దుమ్ము మచ్చలు తుడవొచ్చు. రంగు ఫోటోని నలుపు తెలుపు చేసుకోవచ్చు. ఇవన్నీ సబబుగానే ఉన్నాయి. ఫోటో కోసం ఏర్పాటు చేసిన సన్నివేశాలు జర్నలిజం విభాగంలో చెల్లవని కూడా వాటిలో రాసే ఉంది.

రాసి ఉండటం వేరు, చూడటం వేరు. అనుమానమొస్తే నిర్వాహకులు అడిగేది రా ఫైల్. రా ఫైల్‌నీ పంపిన ఫోటోనీ పక్కపక్కన పెడితే ఏం పోయిందో, ఏం వచ్చిందో తెలిసిపోతుంది. కానీ పెద్దమ్మని ఎవరు నడిపించుకొచ్చారో, బిందె ఎవరు తెమ్మన్నారో ఏ రా ఫైల్ చెబుతుంది? తనిఖీ క్లిక్ తర్వాత మొదలవుతుంది. అబద్ధమేమో క్లిక్‌కి ముందే పనంతా ముగించుకుని చేతులు కడుక్కుంటుంది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ జబ్బు బాగా తెలుసు. పరీక్షించాల్సింది వదిలేసి, పరీక్షించడానికి వీలైంది పరీక్షిస్తాం. రిపోర్టు నిండా పచ్చ టిక్కులే. కస్టమర్ చేతిలో పడ్డ మొదటి రోజే ప్రోగ్రాం కూలుతుంది. పచ్చ టిక్కులు అబద్ధమా అంటే కావు. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

ఔత్సాహికుల పోటీల్లోనే ఇట్లా అనుకుంటే పొరపాటు. పెద్దవాళ్ల దగ్గరా ఇదే కథ. 2010లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో ఉక్రెయిన్ ఫోటోగ్రాఫర్ స్టెపాన్ రుదిక్ బహుమతిని వెనక్కి తీసుకున్నారు. చేతికి కట్టు కడుతున్న ఫోటో అది. అసలు ఫోటో వెడల్పైన రంగు ఫోటో. అందులోంచి చిన్న ముక్క కోశాడు, నలుపు తెలుపు చేశాడు, అంచులు నల్లబరిచాడు. అవేవీ తప్పు కాలేదు. వెనకాల ఎవరిదో పాదం కొస కనబడుతుంటే దాన్ని చెరిపేశాడు, అది తప్పయింది. ఫోటోలో సింహభాగం కోసి పారేయొచ్చు గానీ పాదం కొస చెరపకూడదు. నిబంధన ప్రకారం తీర్పు సరైనదే. ఆ ఫోటో చూసేవాడి మనసులో ఏది ఎక్కువ మార్పు తెచ్చింది అనేది ఆ నిబంధన అడగని ప్రశ్న.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. 2009లో వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో గేటు దూకుతున్న తోడేలు ఫోటోకి మొదటి బహుమతి ఇచ్చారు. అది పెంపుడు తోడేలై ఉండొచ్చని తేలడంతో 2010లో బహుమతి రద్దు చేశారు. ఫోటోగ్రాఫర్ ఒప్పుకోలేదు. ఎవరి మాట నిజమైనా, ఆ గొడవ తీరింది పిక్సెళ్లు లెక్కబెట్టి కాదు. ఆ తోడేలుని, ఆ చోటుని ఎరిగినవాళ్లు నోరు విప్పితేనే తీరింది. 2015లో జొవానీ ట్రోయిలోకి ఇచ్చిన వరల్డ్ ప్రెస్ బహుమతి పోయింది కూడా ఎడిటింగ్ వల్ల కాదు. బెల్జియంలోని షార్లెరువా పట్నం గురించిన వరసలో ఒక ఫోటో ఆ ఊళ్లో తీసిందే కాదు. ఫైలు అబద్ధమాడలేదు, ఫోటో కింది వాక్యం ఆడింది. ఆ సంగతి పట్టుకోవాలంటే ఊరు తెలిసినవాళ్లు కావాలి.

మా మర్రిగూడ తెలిసినవాళ్లు ఆ పోటీ జడ్జీల్లో లేరు. అది వాళ్ల తప్పు కాదు. ఎవరినైనా అడగాలని ఎవరికీ తట్టకపోవడం తప్పు.

ఎడిటింగ్ అంటేనే అబద్ధం అనుకునేవాళ్లకి ఒక మాట. మా చిన్నప్పుడు స్టూడియోలో చనిపోయిన తాతని నాయనమ్మ పక్కన కూర్చోబెట్టిన ఫోటో చేసిచ్చేవాళ్లు. తాత పాత ఫోటోలోంచి తల, ఇంకెవరిదో కోటు. ఆ ఫోటోకి దండేసి గోడకి తగిలించేవాళ్లం. అందులో పిక్సెలూ నిజం కాదు, కోటూ నిజం కాదు. అయినా అది ఎవర్నీ మోసం చేయలేదు. అది ఎట్లా చేశారో చూసినవాళ్లందరికీ తెలుసు. ఏం మార్చారన్నది కాదు, ఏమని చెప్పి చూపిస్తున్నారన్నదే మోసాన్ని తేలుస్తుంది.

ఇంకో వాదన ఉంది. దాన్ని తేలిగ్గా తీసేయలేను. “ఆమె నడుం వంగిన మాట నిజమే కదా, బోరింగు నీళ్లే కదా వంచాయి? ఫోటో పెద్ద నిజాన్ని చెబుతోంది. ఇట్లాంటి ఫోటోలు లేకపోతే మీ ఊరికి నల్లా వచ్చేదా?” అని ఒక మిత్రుడు అడిగాడు.

రాకపోయేదేమో. ఫ్లోరైడ్ పోరాటంలో ఫోటోల పాత్ర పెద్దది. నీళ్ల కోసం 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది నిలబడితే బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. దేశం అప్పుడు మా వైపు తలతిప్పి చూసింది. మా మండలంలోని శివన్నగూడెం మనిషి అంశల స్వామి తన ఒంటినే సాక్ష్యంగా పెట్టి ఢిల్లీ దాకా వెళ్లొచ్చాడు. 2023లో ఆయన చనిపోయినప్పుడు కూడా పేపర్లలో ఆయన ఫోటోయే మా జబ్బు కథ చెప్పింది. ఆ ఫోటోల రుణం మేము మరిచిపోలేదు.

అయితే ఆ ఫోటోల వెనక ఒక కోరిక ఉంది: నీళ్లియ్యండి. ఫోటోలో ఉన్న మనిషికి ఆ కోరికలో వాటా ఉంది. ‘దాహం’ ఫోటో వెనక ఉన్న కోరిక ఎవరిది? ఔత్సాహికుల లోకంలో ఎన్ని ఫోటోలు ఎన్ని సలాన్లలో ఎంపికైతే పేరు వెనక ఏ అక్షరాలు చేరతాయో లెక్క ఉంటుంది. ముడతలు పడ్డ ముఖం, పొగమంచులో ఎడ్లబండి, వంగిన నడుము. ఈ లెక్కలో పెద్దమ్మ ఒక ఎంట్రీ.

పైగా ఆ ఫోటో చెప్పేది పెద్ద నిజం కూడా కాదు, పాత నిజం. మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లో 2015లో వేశారు. ఆ తర్వాత కృష్ణా నీళ్లు మా ఇళ్లకొచ్చాయి. సమస్యలన్నీ తీరాయని నేననను. వంగిన ఎముక నల్లా తిప్పితే నిటారు కాదు. పెద్దమ్మకి రాత్రిళ్లు కీళ్లనొప్పులకి మాత్రలు కావాలి, లేచి నడవడానికి తోడు కావాలి, పింఛను వేళకి రావాలి. ఇవాళ్టి ఫోటో తీయాలంటే ఇవి తీయాలి. ‘దాహం’ అని పేరు పెడితే ఈ కష్టాలన్నీ ఫోటోలోంచి జారిపోతాయి. ఒక పాదం కొస చెరిపితే బహుమతి వెనక్కి తీసుకునే లోకంలో, ఒక మనిషి బతుకులోంచి ఇన్నేళ్లు చెరిపేస్తే ఎవరికీ పట్టలేదు.

మరి నన్నేం చేయమన్నారు నిర్వాహకులు? ఒకాయన ఫోన్లో సౌమ్యంగానే చెప్పాడు: “ఆ అమ్మాయిని పక్కకి జరగమంటే సరిపోయేది కదండీ. ఏ గొడవా ఉండేది కాదు.” నేను కాసేపు మాట్లాడలేకపోయాను. నిబంధనలు అమలవుతున్న తీరు మనకి నేర్పే పాఠం అదే. మనుషుల్ని జరుపు, పిక్సెళ్లని జరపకు.

నిబంధనలు ఎత్తేయమని నేనడగను. కృత్రిమ మేధతో బొమ్మలు పుట్టిస్తున్న కాలంలో ఆ మాట అనడం వెర్రితనం. 2023లో బోరిస్ ఎల్డాగ్సెన్ అట్లాంటి బొమ్మనే సోనీ వరల్డ్ ఫోటోగ్రఫీ పోటీకి పంపి, బహుమతి వచ్చాక అది ఫోటో కాదని తనే చెప్పి తిరస్కరించాడు. రా ఫైల్ అడగండి, తప్పకుండా అడగండి. దానితోపాటు ఇంకొన్ని అడగండి.

జర్నలిజం, జనజీవనం విభాగాల్లో ఎంట్రీ ఫారంలో నాలుగు గడులు చేర్చండి. ఎప్పుడు తీశారు, ఎక్కడ తీశారు? ఫోటోలో ఉన్న మనిషిని నిలబడమన్నారా, ఏదైనా పట్టుకోమన్నారా? ఫోటో పోటీకి వెళ్తోందని ఆ మనిషికి తెలుసా? ఏమైనా మార్చారా, ఎందుకు? నిలబెట్టి తీశామని రాస్తే అందులో సిగ్గేం లేదు, దాన్ని పోర్ట్రెయిట్ విభాగంలో పెట్టండి. ఎదుటి మనిషి కోరిక మీద ముఖం మసక చేశామని చెబితే దాన్ని తప్పుగా లెక్కేయకండి. ఇక మొదటి బహుమతి ప్రకటించే ముందు ఆ ఊరికి ఒక్క ఫోన్ చేయండి. రా ఫైల్ తెరవడానికి పట్టే టైమ్ కూడా పట్టదు.

అబద్ధాలు రాస్తే ఏం చేస్తారని అడుగుతారు. రాయనివ్వండి. ఇప్పుడు ఆ అబద్ధం ఎవరూ ఆడాల్సిన పనే లేదు, ఎందుకంటే ఎవరూ అడగడం లేదు. అడిగాక ఆడితే అది రాతపూర్వకంగా దొరుకుతుంది.

దసరాకి ఊరికి పోయినప్పుడు ‘దాహం’ ఫోటోని ఫోన్లో పెద్దమ్మకి చూపించాను. చాలాసేపు చూసింది. తను బాగా పడ్డానంది. తర్వాత ఫోన్ నా చేతికిచ్చి, “నల్లా ఏది మరి?” అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు, జవాబు చెప్పాల్సినవాళ్లు అక్కడ లేరు.

ఈ ఏడాది పోటీ ప్రకటన వచ్చింది. ఎడిటింగ్ నిబంధనలు పోయినేటికంటే ఇంకా కట్టుదిట్టం చేశారు. ఒరిజినల్ ఫైలు తప్పనిసరి. కెమెరా మోడల్‌కో గడి, లెన్స్‌కో గడి, ఐఎస్ఓకో గడి. ఫోటోలో ఉన్న మనిషికి మాత్రం ఒక్క గడీ లేదు.