ఎక్కడి నుంచి ఎక్కడికి?

మన భాషకు కొలబద్ద మన ఒళ్ళే. పొట్ట జానెడు, పూలు మూరెడు, పొద్దు బారెడు, కళ్ళు చేరెడు, ఉప్పు చిటికెడు, మెతుకులు పిడికెడు. తరగతిలో ఈ మాటలు చెప్పినప్పుడల్లా వెనక బెంచీలో నుంచి ఎవరో ఒకరు "ఎవరి జానెడండీ?" అని అడగకుండా ఉండరు. అల్లరికి అడిగినా అది అసలైన ప్రశ్న. అమలాపురం బజారులో పూలమ్మే ఆవిడ దగ్గర కాసేపు నిలబడి చూడండి. మూర వేసేటప్పుడు ఆవిడ వేళ్ళు కాస్త ముడుచుకుంటాయి. కొనే ఇల్లాలు "ఇలా ఇవ్వు, నా చేత్తో వేస్తాను" అంటుంది. పూలు ఒకటే, దారం ఒకటే, చేతులు మాత్రం రెండు. లోకంలోని కొలతల తగాదాలన్నీ ఆ రెండు చేతుల మధ్యనే పుట్టి ఉంటాయని నా అనుమానం.

చేతుల మీద నమ్మకం చాలకనే గొలుసు వచ్చింది. 1620లో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషు పండితుడు 66 అడుగుల పొడవూ 100 లంకెలూ గల గొలుసును రూపొందించాడు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. అందులో నూరోవంతు సెంటు. మన కోనసీమలో ఎవరి ఇంటిస్థలం ప్రస్తావన వచ్చినా ముందు "ఎన్ని సెంట్లు?" అనే కదా అడుగుతాం! సెంటుకు 435.6 చదరపుటడుగులు. ఆ చివరనున్న దశాంశం ఆరు ఎక్కడిదని ఎవరైనా అడిగితే, అది ఆ పాత గొలుసు చప్పుడేనని చెప్పండి. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కాలంలో ఈ లంకల్లో గొలుసులు ఎంత తిరిగి ఉంటాయో ఊహించుకోవచ్చు. పి.గన్నవరం దగ్గర వైనతేయ నది మీదుగా కాలువనే నడిపించారు. కింద నది, పైన కాలువ! కొలత తప్పితే నీరు కదిలేదా?

అయితే గొలుసుకు రెండు కొసలుంటాయి. రెండు కొసలకూ ఇద్దరు మనుషులుంటారు. గొలుసు పోయి టేపు వచ్చినా ఆ చిక్కు పోలేదు. "గట్టిగా లాగు" అని ఈ కొసవాడూ, "నువ్వు జరిగావు" అని ఆ కొసవాడూ! మధ్యలో టేపు బొజ్జ వేసుకుని కిందికి వేలాడుతూ ఉంటుంది. ఇంట్లో కిటికీ తెర కుట్టించాలన్నా, అటకకు చెక్కలు కొట్టించాలన్నా భార్యాభర్తలు చెరో కొస పట్టుకోవలసిందే. ఆ పూట కాఫీ ఆలస్యం కావలసిందే.

విశాఖపట్నంలో ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి సంక్రాంతి సెలవులకు వస్తూ ఒక పరికరం తెచ్చింది. అరచేతిలో ఇమిడేటంత ఉన్నది. వెనక అంచు ఒక గోడకు ఆనించి మీట నొక్కితే ఎదుటి గోడ మీద కుంకుమ బొట్టంత ఎర్రని చుక్క పడుతుంది. మరొకసారి నొక్కితే దూరం అంకెల్లో వస్తుంది. రెండో కొస పట్టుకునే మనిషితో పనిలేదు! ఇంటి వాడకానికి పనికివచ్చేవి రెండు మూడు వేల రూపాయలకు దొరుకుతున్నాయట.

దీని కిటుకు మన బోటి తెలుగు పంతుళ్ళకు కూడా అర్థమయ్యేదే. కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. సెకనును వంద కోట్ల భాగాలు చేస్తే, అందులో ఒక్క భాగంలో కాంతి పోయేది దాదాపు ఒక అడుగు. 12 అడుగుల గదిలో ఎదుటి గోడను తాకి తిరిగి రావడానికి అటువంటి భాగాలు 24 చాలు. అంత స్వల్పకాలాన్ని సూటిగా లెక్కించడం కష్టం కనుక, ఈ పరికరం తన వెలుగును సెకనుకు కోట్లసార్లు మినుకు మినుకుమనిపిస్తుంది. పోయిన మినుకుకూ తిరిగి వచ్చిన మినుకుకూ మధ్య ఎంత తేడా పడిందో చూసి దూరం కడుతుంది. తేడా వస్తే రెండు మూడు మిల్లీమీటర్లు.

ఇది నిన్న మొన్నటి గారడీ కాదు. 1960లో అమెరికాలో థియొడోర్ మైమన్ మొట్టమొదటి లేజరును వెలిగించాడు. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద అద్దాల పళ్ళెం ఒకటి పెట్టి వచ్చారు. భూమి మీద నుంచి లేజరు వెలుగును దాని మీదికి పంపి, అది తిరిగి రావడానికి పట్టే కాలాన్ని బట్టి చందమామ దూరం కొలిచారు. 1983లో మీటరు నిర్వచనాన్నే కాంతికి అప్పగించారు. కాంతి శూన్యంలో సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో పోయే దూరమే మీటరు. 1993లో చేత పట్టుకునే లేజరు కొలత పరికరం అంగడికి వచ్చింది. చందమామను కొలిచిన విద్య ఇప్పుడు మన వంటింటి గట్టు కొలుస్తున్నదన్నమాట!

పిల్లల చేతికి చిక్కిన వస్తువు ఊరుకుంటుందా? మధ్యాహ్నం పూట పెరట్లో కొబ్బరిచెట్టు ఎత్తు కొలుస్తామని బయలుదేరారు. ఎర్రటి ఎండలో చుక్క కనబడితే గదా! పొద్దు వాలాక మళ్ళీ ప్రయత్నించారు. చుక్క ఒకసారి మట్ట మీద, ఒకసారి గెల మీద, ఒకసారి గాలికి తప్పుకుని ఆకాశంలోకి. ఒక్కొక్కసారికి ఒక్కొక్క అంకె. దింపు తీయడానికి వచ్చిన మనిషి ఆ తమాషా చూసి, "ఆయ్, నాకు ఎక్కి దిగితేనే తెలుస్తాదండీ దాని ఎత్తు" అని నవ్వి పోయాడు. దీని రాజ్యం నాలుగు గోడల మధ్యనే. అక్కడ కూడా గాజు తలుపులూ అద్దాలూ దీన్ని తికమక పెడతాయి. అటువంటి చోట ఒక అట్టముక్క అడ్డం పెట్టి కొలవాలి. ఆ వెలుగులోకి కళ్ళు పెట్టి చూడరాదని పిల్లలకు ముందే గట్టిగా చెప్పాలి.

ఇంటిపనిలో దీని ఉపకారం గొప్పదే. 12 అడుగుల పొడవూ 9 అడుగుల వెడల్పూ గల గది ఉన్నదనుకోండి. 108 చదరపుటడుగులని పరికరమే హెచ్చవేసి చెబుతుంది. రెండడుగుల చదరపు టైల్సు 27 పడతాయి. వెడల్పు సరిగా భాగం కాదు కనుక కోతకూ విరుగుడుకూ కలుపుకుని కొంచెం ఎక్కువ తెచ్చుకోవాలి. ఈ లెక్క చేతిలో ఉంటే దుకాణంలో "నలభై తీసుకోండి మేస్టారూ" అన్నప్పుడు ఎందుకని అడగవచ్చు. గది మూలలు సరిగా ఉన్నాయో లేదో కూడా తెలుసుకోవచ్చు. ఈ మూల నుంచి ఆ మూలకు ఐమూలగా కొలిస్తే ఆ గదికి సరిగ్గా 15 అడుగులు రావాలి. రెండు ఐమూలలూ సమానం కాకపోతే గది వంకర పోయిందన్నమాట. మా తాపీమేస్త్రి ఇదే సంగతిని దారం పట్టుకుని "మూడూ నాలుగూ అయిదూ" అంటూ ఎన్నడో నేర్చాడు. యంత్రం చూపిన 15 చూసి, "నా దారం కూడా అదే చెప్పిందండీ" అన్నాడు తృప్తిగా.

ఇంతవరకూ బాగానే ఉన్నది. అయితే ఈ పరికరం మొదటి మీట దగ్గరే మనల్నొక ప్రశ్న అడుగుతుంది: "ఎక్కడి నుంచి కొలవమన్నారు? నా వెనక అంచు నుంచా, ముందు అంచు నుంచా?" గోడకు ఆనించినది వెనక అంచు, లోపల పెట్టిన లెక్క ముందు అంచుది అయితే, యంత్రం పొడుగంతా కొలతలో తగ్గిపోతుంది. రెండో ప్రశ్న: "మీటర్లలోనా, అడుగుల్లోనా?" 1956లో చట్టం వచ్చి, 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ కొలతలు అమలులోకి వచ్చినా, మన ఇళ్ళలో కాగితం మీద మీటరూ నోటిలో అడుగూ కాపురం చేస్తూనే ఉన్నాయి. అడుగులని పెట్టినప్పుడు 6.5 అని వస్తే అది 6 అడుగుల 6 అంగుళాలు. మా వీధిలో ఒకరి వడ్రంగి దాన్ని 6 అడుగుల 5 అంగుళాలుగా చదువుకుని టేకు చెక్క కోసేశాడు. యంత్రం తప్పు చెప్పలేదు. చెక్క మాత్రం అంగుళం పొట్టిదైపోయింది.

ఈ "ఎక్కడి నుంచి" అనే ప్రశ్న ఎంత దూరం పోతుందో రాజోలు వైపు మా మేనమామగారి ఊళ్ళో చూశాను. మామయ్య పోయి కొన్నేళ్ళయింది. పాత పెంకుటిల్లు. కొడుకులిద్దరూ ఇంటి మధ్య గోడ పెట్టుకుని పంచుకోదలిచారు. పెద్దవాడు మా బావ. ఊళ్ళోనే వ్యవసాయం చేసుకుంటూ తల్లితో తూర్పువైపు ఉంటాడు. చిన్నవాడికి హైదరాబాదులో ఉద్యోగం. అతనిది పడమర వాటా. టేపుతో మూడుసార్లు కొలిస్తే 41 అడుగుల 1 అంగుళం, 41 అడుగుల 6 అంగుళాలు, 41 అడుగుల 3 అంగుళాలు వచ్చినవి. మూడు కొలతలకు మూడు తగాదాలు. "నువ్వు వదులుగా పట్టావు" అని ఒకరూ, "నువ్వు వేలు అడ్డం పెట్టావు" అని ఒకరూ. పండక్కి వచ్చిన అన్నదమ్ములు ఒకే అరుగు మీద చెరోవైపుకు తిరిగి కూర్చున్నారు.

మా అమ్మాయి పరికరంతో మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ 41 అడుగుల 4 అంగుళాలే వచ్చింది. ఇద్దరూ కిక్కురుమనకుండా ఒప్పుకున్నారు. వెలుగు ఎవరి పక్షానా లేదు కదా! సగం 20 అడుగుల 8 అంగుళాలు. మేస్త్రి సుద్దముక్క తీశాడు.

"ఆగు. కొలిచింది లోపలి గోడల మధ్య. పంచుకునేది ఇల్లు. బయటి నుంచి కొలవాలి" అన్నాడు చిన్నవాడు.

మాటలో న్యాయం లేకపోలేదు. తూర్పు గోడ తాతల నాటిది, అడుగున్నర మందం. పడమటి గోడ 1996 నవంబరు తుఫానులో కూలిపోతే 9 అంగుళాల ఇటుకలతో మళ్ళీ కట్టారు. బయటి నుంచి బయటికి కొలిస్తే నడిమి గీత నాలుగున్నర అంగుళాలు తూర్పుకు జరుగుతుంది. "ఆ గోడ కట్టించింది నేను. మందం తగ్గినందుకు నాకే నష్టమా?" అన్నాడు బావ. నాలుగున్నర అంగుళాలంటే జానెడు కూడా కాదు. ఆ జాగా కోసం పాతికేళ్ళ నాటి తుఫాను మళ్ళీ ఇంట్లోకి వచ్చింది.

అంతసేపూ మంచం మీద నుంచి వింటున్న అత్తయ్య మా అమ్మాయిని పిలిచింది. "అమ్మడూ, దాంతో నా మంచం దగ్గర నుంచి స్నానాల గది దాకా దారి కూడా కొలిచి పెట్టవే" అన్నది. ఆవిడకు తుంటి ఎముక విరిగినప్పటి నుంచి వాకరు పట్టుకునే నడక. కొలిచాము. దారి పొడుగుతో చిక్కులేదు. ధాన్యం గది గోడకూ రాబోయే కొత్త గోడకూ మధ్య సందు, పెద్దవాడి లెక్క ప్రకారమే 1 అడుగు 11 అంగుళాలు. చిన్నవాడి లెక్కయితే ఇంకా తక్కువ. వాకరు వెడల్పు 2 అడుగులు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత చిన్నవాడే సుద్దముక్క తీసుకుని, ఆ సందు దగ్గర గీతను 13 అంగుళాలు తనవైపుకు జరిపి, 3 అడుగులు చేశాడు. మిగతా పొడవంతా లోపలి కొలతే ఉండనిమ్మన్నాడు. గోడ ఖర్చంతా తనదేనన్నాడు బావ. గోడ మానుకున్నారనీ, కౌగిలించుకున్నారనీ నేను చెప్పబోవడం లేదు. గోడ కట్టారు. కట్టేముందు మాత్రం ఒక కాగితం రాసుకున్నారు. కొలత ఏ గోడ నుంచి ఏ గోడకు, లోపలా బయటా, కొత్త గోడ మందం ఎవరివైపు ఎంత, అమ్మ నడిచే దారి ఎంత అన్నవన్నీ అందులో ఉన్నాయి. ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఇప్పుడు అత్తయ్య ఎవరి సాయమూ లేకుండా స్నానాల గదికి పోయి వస్తున్నది.

పొలాల సరిహద్దుల సంగతి వేరు. వాటికి సర్వేవారున్నారు. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో మొదలైన రీసర్వేకు డ్రోన్లూ ఉపగ్రహాల సాయమూ తీసుకున్నారు. గట్టు తగాదా తీర్చడానికి ఈ చేతి పరికరం పట్టుకుని బయలుదేరవద్దు. ఇంటిలోపలి పనులకు మాత్రం ఒకటి కొనుక్కుంటే డబ్బు దండుగ కాదని ధైర్యంగా చెప్పగలను. అయితే దానితోపాటు ఒక చిన్న పుస్తకమూ పెన్సిలూ కూడా ఉంచుకోండి. ప్రతి అంకె పక్కనా అది ఎక్కడి నుంచి ఎక్కడికో రాయండి. మేస్త్రితోనూ, వడ్రంగితోనూ, వాటాదారుతోనూ ఆ మాట ముందే అనుకోండి. ఎంత అన్నది వెలుగు చెబుతుంది. ఎక్కడి నుంచి ఎక్కడికన్నది మనుషులే ఒప్పుకోవాలి.

పూలు కొనేటప్పుడు మాత్రం దాన్ని బయటికి తీయకండి. పూలమ్మే ఆవిడ ఒప్పుకోదు. ఆవిడ మూర ఆవిడదే.