ప్రైవేట్ ఈక్విటీకి ఎంబీయే టికెట్టేనా?

థర్డ్ ఇయర్ వచ్చేసరికి మన హాస్టల్లో రెండే రకాల జనం మిగులుతారు: కోడింగ్ ప్రాక్టీస్ చేసేవాళ్లు, క్యాట్ మెటీరియల్ కొన్నవాళ్లు. ఈ రెండో గుంపులో ఈమధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. "ఎంబీయే చేసి పీఈలోకి వెళ్తారా" అని. పీఈ అంటే ప్రైవేట్ ఈక్విటీ. పెన్షన్ ఫండ్ల దగ్గరా, బాగా డబ్బున్నవాళ్ల దగ్గరా సొమ్ము పోగుచేసి, కంపెనీల్లో వాటా కొని, నాలుగైదేళ్లు పెంచి అమ్ముకునే వ్యాపారం. నేనూ ఆ గుంపులోవాణ్ణే కాబట్టి ఈ లెక్క నాకోసం కూడా.

ఇదేదో న్యూయార్క్ వ్యవహారం అనుకోకండి, మనింటి పాల ప్యాకెట్ దాకా వచ్చింది. తిరుమల డెయిరీలో 2010లో కార్లైల్ అనే అమెరికా పీఈ సంస్థ వాటా కొంది. 2014లో ఫ్రాన్స్ కంపెనీ లాక్టాలిస్ ఆ డెయిరీని కొనేసింది, కార్లైల్ సొమ్ము చేసుకుని బయటపడింది. 2019లో వినుకొండ ఎమ్మెల్యేగా గెలిచిన బొల్లా బ్రహ్మనాయుడు ఆ డెయిరీ పెట్టినవాళ్లలో ఒకరు. ఒంగోల్లో కూడా ఆసుపత్రి ఉన్న కిమ్స్ గ్రూపులో 2018లో జనరల్ అట్లాంటిక్ డబ్బు పెట్టింది, 2021లో కిమ్స్ షేర్ మార్కెట్‌కి వెళ్లింది.

మరి ఇటు డబ్బు పెట్టే కుర్చీలో కూర్చునేవాళ్లు ఏం చదివారు? బ్లాక్‌స్టోన్ స్వార్జ్‌మన్‌ది హార్వర్డ్ ఎంబీయే. కేకేఆర్ క్రావిస్‌ది కొలంబియా ఎంబీయే. కానీ కార్లైల్ పెట్టినవాళ్లలో ఒకరైన డేవిడ్ రూబెన్‌స్టైన్ లాయరు. మన శ్రీని రాజు ఇంజనీరు. తర్వాత కాగ్నిజెంట్ అయిన కంపెనీకి మొదటి సీఈవోగా చేసి, ఆపైన పెట్టుబడుల్లోకి వచ్చాడు. పెద్దవాళ్ల కథలతో ఏ వాదనైనా గెలవొచ్చు. అందుకే వాటిని పక్కన పెడదాం.

నా అభిప్రాయం ఇది. ఎంబీయేలో చెప్పే పాఠానికి పీఈలో విలువ తక్కువ, ఎంబీయే తెరిచే తలుపుకి విలువ ఎక్కువ. వాల్యుయేషన్, అప్పుతో కంపెనీ కొనే ఎక్సెల్ మోడల్, ఇవి పట్టుగా కూర్చుంటే కొన్ని నెలల్లో వచ్చేస్తాయి. ఎమ్‌-త్రీ పాసైనవాడికి అదో లెక్క కాదు. తలుపే కష్టం. పీఈ సంస్థల్లో మనుషులు చాలా తక్కువ, వేల కోట్లు చూసే ఆఫీసులో కూడా పదుల్లోనే ఉంటారు. వాళ్లు మన క్యాంపస్‌కి రారు. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల్లో, కన్సల్టింగ్‌లో రెండు మూడేళ్లు పని చేసినవాళ్లనీ, సీఏలనీ తీసుకుంటారు. ఆ బ్యాంకులేమో పేరున్న ఐఐఎంలకీ, ఐఎస్‌బీకీ వెళ్తాయి. ముంబైలో బ్యాంకర్ మావయ్య ఉన్నవాడికి ఎంబీయే అలంకారం కావచ్చు. నరసరావుపేట నుంచో మార్టూరు నుంచో వచ్చినవాడికి అదొక్కటే దగ్గరి దారి. ఇంతవరకూ నేను ఎంబీయే పక్షమే.

ఇప్పుడు ఖర్చు. ఐఎస్‌బీలో ఏడాది కోర్సుకి వసతితో కలిపి 40 లక్షలకు అటూ ఇటూ అవుతుంది. పది శాతం వడ్డీకి, పదేళ్లకి లెక్కేస్తే నెలకి దాదాపు 53 వేలు కట్టాలి. పీఈ వాళ్లు కంపెనీని అప్పు చేసి కొన్నప్పుడు ఆ అప్పు కంపెనీ నెత్తిన ఉంటుంది, ములిగితే వాళ్లు పెట్టిన వాటా పోతుంది, అంతే. మన అప్పు ఎవరి నెత్తిన? మా నాన్న మూడెకరాల సొంతం, నాలుగెకరాల కౌలులో మిర్చి వేస్తాడు. 2025 మొదట్లో రేటు ఎలా పడిందో యార్డు చుట్టుపక్కల పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలు అని ప్రకటించాల్సి వచ్చింది. మా టిక్కీలు ఏసీలోనే ఉన్నాయి, వాటి మీద తెచ్చిన అప్పుకి వడ్డీ నడుస్తోంది. "పొలం పెట్టమంటే పెడతాలేరా" అన్నాడు నాన్న. ఆ మాట విన్నాక ఫీజు పట్టిక మామూలు కాగితంలా కనపడలేదు.

ఇక్కడొక తమాషా ఉంది. పెద్ద ఎడ్యుకేషన్ లోన్‌కి బ్యాంకు మామూలుగా తాకట్టు అడుగుతుంది. పేరున్న సంస్థల జాబితా ఒకటి పెట్టుకుని, వాటిలో సీటొస్తే మాత్రం తాకట్టు లేకుండా ఇస్తుంది. ఎస్‌బీఐ స్కాలర్ లోన్ అలాంటిదే. అంటే ఏ ఎంబీయేకి జీతం వస్తుందో, ఏది ఫ్లెక్సీ బోర్డు మీద మాత్రమే బాగుంటుందో బ్యాంకుకి బాగా తెలుసు. ర్యాంకింగుల కంటే నాకు ఆ జాబితా మీదే నమ్మకం, ఎందుకంటే అందులో వాళ్ల సొంత డబ్బుంది.

ఇంకో సంగతి. మా బాబాయి కమిషన్ కొట్లో గుమస్తా. టిక్కీలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి, నిమ్మెంత, తాలెంత అని నిమిషంలో చెప్తాడు. కంపెనీ లెక్కల పుస్తకంలో తాలు ఏరడమే పీఈలో అసలు పని. ఏ రైతు ఏ డెయిరీకి పాలు ఎందుకు మానేశాడో, పత్తి రేటు పడితే జిన్నింగ్ మిల్లు ఎవరికి బాకీ పడుతుందో మనకి ఇంట్లో తెలిసిన సంగతులు. కేస్ స్టడీలో చదివేవాడికి అవి కొత్త. ఇంటర్వ్యూలో అవి చెప్పుకోడానికి సిగ్గెందుకో నాకు అర్థం కాదు.

కాబట్టి డిగ్రీ అవగానే ఎంబీయేకి పరిగెత్తను. ముందు రెండేళ్లు ఉద్యోగం, వీలైతే బ్యాంకు క్రెడిట్ పనో, ఆడిట్ సంస్థలో కంపెనీల కొనుగోళ్లు చూసే పనో. ఐఎస్‌బీ కూడా మామూలుగా రెండేళ్ల అనుభవం అడుగుతుంది. తర్వాత తాకట్టు లేకుండా లోన్ వచ్చే సీటైతేనే చేరతా, లేకపోతే లేదు. ఇంట్లో ఇదే చెప్పాను. నాన్న తలూపాడు. అమ్మకి మాత్రం నచ్చలేదు. "సంబంధాలవాళ్లకి ఏ కాలేజీ అయితే ఏంటి, ఎంబీయే అంటే ఎంబీయేనే" అంటోంది.