బొట్టు బానెట్‌కి, ఇంజను వెనకాల!

2024 నవంబరులో గుజరాత్‌లోని అమ్రేలీ జిల్లాలో ఒక అంత్యక్రియ జరిగింది. పోయింది మనిషి కాదు, పశువూ కాదు. పన్నెండేళ్ల పాత వాగన్-ఆర్ కారు! దాన్ని పూలతో అలంకరించి, మంత్రాల మధ్య లోతైన గొయ్యిలోకి దింపి, ఎక్స్‌కవేటర్‌తో మట్టి కప్పారు. సుమారు 1500 మందికి పిలుపులు వెళ్లాయనీ, ఖర్చు నాలుగు లక్షలనీ పత్రికలు రాశాయి. యజమాని సూరత్‌లో నిర్మాణ వ్యాపారం చేసుకునే ఆయన. ఆ కారు కొన్నాకే తన దశ తిరిగిందనీ, దాన్ని అమ్మడానికి మనసొప్పక సమాధి చేశాననీ చెప్పారు.

ఆయన కృతజ్ఞతను నేను వెక్కిరించను. ఒక వస్తువు మీద మమకారం ఎవరికైనా ఉంటుంది. కాని ఒక్క లెక్క వెయ్యండి. అదే కారును మన దేశంలో లక్షలమంది కొన్నారు. కొన్నాక బాగుపడ్డవాళ్లున్నారు, దివాలా తీసినవాళ్లున్నారు, ఏ మార్పూ లేనివాళ్లు అందరికంటే ఎక్కువమంది ఉండే ఉంటారు. బాగుపడినవాడు కారుకు సమాధి కడితే వార్త అవుతుంది. దివాలా తీసినవాడు కారును వాయిదాలవాళ్లకు అప్పజెబితే వార్త కాదు. మనం వార్త అయినదాన్ని మాత్రమే లెక్కపెట్టి "చూశారా, కలిసొచ్చింది" అంటాం. అదృష్టం అనేది ఇలాంటి సగం లెక్కల్లోంచే పుడుతుంది.

ఇది గుజరాతీల సంగతి, మనకెందుకు అనుకోవద్దు. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి సూరత్ వచ్చి స్థిరపడిన మన తెలుగువాళ్లు తక్కువమంది కాదు. లింబాయత్ వైపు వెళితే తెలుగు వినబడుతూనే ఉంటుంది. దసరా నాడు అక్కడా మన వాహనపూజలే. బానెట్ మీద పసుపు కుంకుమలు, స్వస్తిక్ గుర్తు, దండ, గుమ్మడికాయ, చక్రాల కింద నిమ్మకాయలు. అంబాసిడర్‌కు చేసిన పూజే ఇవాళ ఎలక్ట్రిక్ కారుకూ చేస్తున్నారు. నా ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఇంతకీ ఆ బొట్టు దేనికి పెడుతున్నారు? ఇంజనుకే అయితే, ఇంజను అక్కడ ఉందా?

అంబాసిడర్‌లో ఉంది. ముందు భాగంలో ఇంజను నిలువుగా, దాని వెనక గేర్‌బాక్స్, కారు కింద పొడుగునా ప్రొపెల్లర్ షాఫ్ట్. తిరిగేది వెనక చక్రాలు. ఆ షాఫ్ట్ వల్ల కారు మధ్యలో నేల ఉబ్బెత్తుగా ఉండేది, వెనక మధ్యలో కూర్చున్నవాడికి కాళ్లు పెట్టుకోవడమే పెద్ద పని. 1959లో బ్రిటన్‌లో అలెక్ ఇసిగోనిస్ మినీ కారుకు ఇంజనును అడ్డంగా తిప్పి బిగించి, ముందు చక్రాలనే తిప్పించాడు. పొడుగు షాఫ్ట్ పోయింది, చిన్న కారులో నలుగురికి చోటు దొరికింది. 1983 డిసెంబరులో మన రోడ్ల మీదకొచ్చిన మారుతి 800దీ అదే అమరిక. మారుతి ఓమ్ని వ్యానులో ఇంజను ముందు సీట్ల కిందికి వెళ్లింది. 2010 జూన్‌లో ఈ గుజరాత్‌లోనే సానంద్‌లో ప్రారంభమైన కర్మాగారంలో తయారైన టాటా నానోకు 624 సీసీ ఇంజను వెనక సీటు వెనకాల ఉండేది. బానెట్ ఎత్తితే కనిపించేది స్టెప్నీ టైరు, పెట్రోలు పోసే మూత! అంటే నానోకు పూజ చేసిన పురోహితుడు భక్తిగా బొట్టు పెట్టింది స్టెప్నీకి అన్నమాట. ఇక ఇదే రాష్ట్రంలో హలోల్‌లో తయారయ్యే ఎంజీ కామెట్‌కు అసలు ఇంజనే లేదు. మోటారు వెనక, బ్యాటరీ నేల కింద.

ఇంజను ఇన్నిచోట్లకు ఎందుకు తిరిగింది? ప్రతిసారీ ఎవరో ఒక ప్రశ్న వేశారు కాబట్టి. చోటు ఎలా మిగులుతుంది, ఖర్చు ఎలా తగ్గుతుంది, బరువు ఏ చక్రాల మీద పడితే పట్టు బాగుంటుంది అని వాదించుకున్నారు, కొలిచారు, ఓడిన అమరికను వదిలేశారు. నిమ్మకాయ మాత్రం అంగుళం కదలలేదు. ఏది జరిగినా తప్పు కానిది ఎప్పటికీ మారదు. కారు క్షేమంగా ఉంటే నిమ్మకాయ మహిమ. గుద్దుకుంటే నిమ్మకాయ లేకపోతే ఇంకా ఘోరం జరిగేదంటారు. ఇలాంటి వాదన ఒక్కటైనా ఇంజనీరు నోట విన్నారా?

నానో సంగతే చూడండి. 2010లో కొన్ని నానోలు మంటల్లో చిక్కుకున్నాయి. ఒకే కారుకు ఇన్నిసార్లు ఎందుకు అని తనిఖీ చేయించారు. బయట బిగించుకున్న విద్యుత్ పరికరాలు, పొగగొట్టం మీద పడి ఉండిపోయిన వస్తువులు కారణమని కంపెనీ చెప్పింది. అయినా ఆ నవంబరులోనే కార్లకు అదనపు ఫ్యూజు, పొగగొట్టానికి రక్షణ ఉచితంగా బిగిస్తామంది. కంపెనీ చెప్పిన కారణాన్ని మీరు నమ్మకపోవచ్చు, వాదించవచ్చు. వాదించడానికి అక్కడ ఒక విషయం ఉంది. "దిష్టి తగిలింది" అనేదానితో వాదించడానికి ఏముంది?

ఇక కంప్యూటర్ల దగ్గరికి వద్దాం. కార్బురేటర్ కాలంలో మెకానిక్ చెవితో విని, స్క్రూడ్రైవర్ తిప్పి ఇంజనును దారికి తెచ్చేవాడు. 2000 ప్రాంతం నుంచి ఆ పని ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చేతికి పోయింది. లోపలికి వచ్చే గాలి ఎంత, ఇంజను వేడి ఎంత, పొగలో మిగిలిన ఆక్సిజన్ ఎంత అని సెన్సార్లు చెబుతుంటే, ఎంత పెట్రోలు చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు వేయాలో అది సెకనుకు ఎన్నోసార్లు నిర్ణయిస్తుంది. ఇవాళ ఒక మామూలు కారులో కూడా బ్రేకులకు, ఎయిర్‌బ్యాగులకు, స్టీరింగ్‌కు వేరువేరు కంప్యూటర్లున్నాయి.

ఇది మన నేతవాళ్లకు అర్థం కాని విషయమేమీ కాదు. జకార్డ్ మగ్గం మీద అట్టకు ఏ రంధ్రం ఉంటే ఆ దారమే లేస్తుంది. రెండు వందల ఏళ్ల కిందట వచ్చిన ఆ అట్టే నేటి ప్రోగ్రాముకు తాతమ్మ. ఇప్పుడు ఎలక్ట్రానిక్ జకార్డ్ వచ్చింది, అట్టకు బదులు ఫైలు. పువ్వు డిజైను తప్పితే నేతగాడు ఏం చేస్తాడు? అట్ట చూస్తాడు, దారం చూస్తాడు, సూది చూస్తాడు. మగ్గానికి కొబ్బరికాయ కొట్టినా, డిజైను మాత్రం అట్టలోనే సరిచేస్తాడు. పొట్ట నింపే మగ్గం దగ్గర ఇంత హేతువాదం ఉన్న మనిషి, కారు దగ్గరికి వచ్చేసరికి దాన్ని ఎందుకు వదిలేస్తున్నాడు?

ఎందుకంటే కారు లోపలి కంప్యూటర్ కనబడదు. కనబడనిదాని చుట్టూ కొత్త పూజారులు పుట్టుకొస్తారు. వాయిదాల మీద కారు కొని ట్యాక్సీ నడుపుకునే మనిషి, ఇంజను దీపం వెలిగిందని షెడ్డుకు వెళతాడు. "సెన్సార్ పోయింది" అంటారు. ఏ సెన్సార్? చెప్పరు. ఎలా తెలిసింది? చెప్పరు. మార్చాక కూడా దీపం వెలిగితే "ఇంకో సెన్సార్ పోయింది". భూతవైద్యుడు ఒక దయ్యాన్ని వదిలించాక ఇంకో దయ్యం ఉందనడానికీ, దీనికీ తేడా ఏమిటి? ఇక్కడ పోయేది నెల రోజుల సంపాదన.

తేడా ఒకటుంది. ఇక్కడ అడిగితే జవాబు ఉంది. 2013 నుంచి మన దేశంలో కొత్త కార్లకు ఓబీడీ-2 అనే స్వయంపరీక్ష వ్యవస్థ తప్పనిసరి. స్టీరింగ్ కింద ఉండే ప్లగ్గుకు చిన్న పరికరం తగిలిస్తే కోడ్ చూపిస్తుంది. ఉదాహరణకు పి0301 అంటే మొదటి సిలిండర్‌లో ఇంధనం సరిగా మండటం లేదని అర్థం. అది లక్షణమే గాని కారణం కాదు సుమా! ప్లగ్గు కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు. మొదటి సిలిండర్ కాయిల్‌ను రెండో సిలిండర్‌కు మార్చి చూడండి. కోడ్ పి0302గా మారితే దొంగ కాయిలే. ఇంతకంటే చక్కని శాస్త్రీయ ప్రయోగం ఏ ప్రయోగశాలలో ఉంటుంది?

కారు కంప్యూటర్ సాక్ష్యం కూడా చెప్పగలదు. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ జిల్లాలో, సూరత్ వాళ్లు బొంబాయి వెళ్లే అహ్మదాబాద్-ముంబై హైవే మీద, కారు వంతెన గోడను ఢీకొని సైరస్ మిస్త్రీ, జహంగీర్ పండోలే చనిపోయారు. మామూలుగా అయితే "రాత" అని ఊరుకునేవాళ్లం. కాని కారులో నమోదైన సమాచారాన్ని తయారీదారు చదివి పోలీసులకు ఇచ్చారు. ఢీకొనడానికి ఐదు సెకన్ల ముందు వేగం గంటకు 100 కిలోమీటర్లు, బ్రేకు వేశారు, ఢీకొన్నప్పుడు 89. చనిపోయిన ఇద్దరూ వెనక సీట్లలో బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. రాతలో వేగం ఉండదు, బెల్టు ఉండదు. అందుకే రాతను నమ్మినవాడు తర్వాతివాడిని కాపాడలేడు.

అయితే కంప్యూటర్ చెప్పిందల్లా వేదమా? అది ఇంకో మూఢనమ్మకం. పరీక్ష జరుగుతున్నట్టు పసిగట్టి అప్పుడు మాత్రమే శుభ్రమైన పొగ వదిలేలా ఫోక్స్‌వ్యాగన్ తన డీజిల్ కార్లకు ప్రోగ్రాం రాయించిందని 2015లో బయటపడింది. రోడ్డు మీద కొన్ని కార్లు వదిలిన నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల వరకూ ఉన్నాయి. దాన్ని పట్టుకోవడానికి దారి చూపింది అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు. కార్లకు కొలత పరికరాలు బిగించి రోడ్ల మీద తిప్పారు, అంతే. ఆ ఏడాది డిసెంబరులో మన దేశంలో కూడా 3,23,700 కార్లను సరిచేయడానికి వెనక్కి పిలిచారు. 2023 ఏప్రిల్ నుంచి ఇక్కడా పొగను అసలు రోడ్డు మీద కొలిచే నిబంధన వచ్చింది. ఎవరి మాటనూ నమ్మకుండా కొలవడం వల్ల వచ్చిన ఫలం ఇది.

కాబట్టి హేతువాదులు అడగవలసింది "నిమ్మకాయ తీసెయ్యండి" అని మాత్రమే కాదు. నా కారులో నమోదైన సమాచారాన్ని చదువుకునే హక్కు నాకుండాలి. పార్టు మార్చేముందు కోడ్ చూపించాలి, బిల్లు మీద రాయాలి. ప్రమాదం జరిగితే ఆ సమాచారం ధనవంతుడి కారు విషయంలోనే కాదు, ట్యాక్సీవాలా విషయంలోనూ బయటికి రావాలి. ఐరోపాలో 2024 జులై నుంచి కొత్త కార్లన్నిటిలో ప్రమాద సమాచారం నమోదు చేసే పరికరం ఉండాలని చట్టం చేశారు. మనమూ అడుగుదాం.

మరొక్క మాట. 2022 నుంచి కొత్త కార్లలో డ్రైవరు పక్క సీటుకు కూడా ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. చాలా కార్లలో అది డ్యాష్‌బోర్డు మూత కింద ఉంటుంది, గుద్దుకుంటే సెకనులో ఇరవయ్యో వంతులోపే పేలినట్టు విచ్చుకుంటుంది. ఆ మూత మీద రాతి విగ్రహమో ఇత్తడి విగ్రహమో అంటించి ఉంటే, అది తుపాకీ గుండులా ఆ సీట్లోని మనిషి మీదికే వస్తుంది. ఆ సీట్లో ఎక్కువగా కూర్చునేది మీ ఆవిడో, మీ అమ్మగారో! దేవుణ్ణి నమ్మడం మానేయమని ఈ ఒక్కపూటకు నేను అడగడం లేదు. ఆ విగ్రహాన్ని అక్కడి నుంచి తీసి ఇంట్లో పెట్టుకోండి. వెనక కూర్చున్నవాళ్ల చేత కూడా బెల్టు పెట్టించండి.