జమాఖర్చుల్లో చేరని లెక్క



ఈ శీర్షికలో పొదుపు గురించో, పిల్లల చదువుల గురించో రాసే నేను ఈసారి కాస్త పెద్ద విషయమే ఎత్తుకుంటున్నాను. మనిషికి రక్షణ విశ్వాసం వల్లనా, సత్క్రియల వల్లనా? క్రైస్తవుల ఇళ్ళలో ఇది పాత తగువే. మా ఇంట్లో మాత్రం అమ్మ మంచం పక్కనే వచ్చింది.

మా నాన్న ఒంగోలు దగ్గరి పల్లె నుంచి కోలారు బంగారు గనుల్లో పనికి వచ్చి స్థిరపడ్డాడు. ఆయన పోయాక అమ్మ అక్కడే ఉండిపోయింది. బ్యాంకు బదిలీలతో ఊళ్ళు తిరిగే నేను నెలనెలా డబ్బు పంపేవాణ్ణి. బెంగళూరులో ఉండే తమ్ముడు వారానికి మూడు ప్రార్థన కూటాలకు వెళ్ళేవాడు గాని, అమ్మ మందుల సంగతి పట్టించుకునేవాడు కాదు. 2011లో అమ్మ మంచాన పడితే ఇద్దరం కలిశాం. నేను ఉండబట్టలేక, "నీ విశ్వాసం అమ్మకి ఒక్క మాత్రయినా కొనిపెట్టిందిరా?" అన్నాను. "క్రియల వల్ల ఎవరికీ రక్షణ రాదన్నయ్యా. నువ్వు పంపిన డబ్బు లెక్క దేవుడికి చూపిస్తావా?" అన్నాడు వాడు.

ఆ మాట గుచ్చుకుంది. ఎందుకంటే లెక్క నిజంగానే ఉంది. అమ్మకు పంపిన ప్రతి రూపాయీ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాను.

అమ్మ కళ్ళు తెరిచి, "పెద్దోడా, డబ్బు పంపావు గాని ఎట్లా ఉన్నావే అని ఒక్క ఫోను చెయ్యలేదు. చిన్నోడా, నాకోసం ప్రార్థన చేశావు గాని గుమ్మం తొక్కలేదు. తగువు మాని చెరో కాలూ పట్టండిరా, లాగేస్తున్నాయి" అంది. పట్టాం.

ఆ రాత్రి అమ్మ బైబిలు తీశాను. పౌలు రోమా పత్రికలో అబ్రాహాము విశ్వాసం వల్లనే నీతిమంతుడయ్యాడంటాడు. యాకోబు తన పత్రికలో అదే అబ్రాహామును చూపించి, క్రియల వల్ల అంటాడు. సాక్షి ఒక్కడే, వాదాలు రెండు! అయితే ఆదికాండం తిరగేస్తే చిక్కు కొంత విడింది. పౌలు చెప్పేది 15వ అధ్యాయం మాట. అప్పటికి అబ్రాహాముకు కొడుకే పుట్టలేదు, వట్టి వాగ్దానాన్ని నమ్మాడు. యాకోబు చెప్పేది 22వ అధ్యాయం మాట. పుట్టిన కొడుకునే బలిపీఠం దాకా తీసుకుపోయిన రోజు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే పౌలు ఖాతా తెరిచిన రోజు గురించి మాట్లాడుతున్నాడు, యాకోబు ఏళ్ళ తరవాత పాస్‌బుక్కు తీసి చూస్తున్నాడు. ఖాతా తెరవడానికి కట్టిన సొమ్ము మనది కాదు. దాన్నే కృప అంటారు. కాని తెరిచిన నాటి నుంచి ఒక్క పద్దూ లేని ఖాతాను ఏమనాలి?

ఈ తగువుమీదే ఐరోపాలో సంఘం చీలింది. లూథర్ 1522లో కొత్త నిబంధనను జర్మనులోకి తెచ్చినప్పుడు రోమా పత్రిక 3వ అధ్యాయంలో మూలంలో లేని "మాత్రమే" అనే మాట చేర్చాడు. విచిత్రమేమంటే "విశ్వాసం మాత్రమే" అన్న మాట మూలంలో కనిపించేది యాకోబు పత్రికలో, అదీ "కాదు" అని చెప్పడానికి! 1547లో ట్రెంట్ మహాసభ లూథర్ పక్షాన్ని ఖండించింది. చివరికి 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్కులూ లూథరన్లూ ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. దాని సారాంశం ఇది: మనల్ని దేవుడు అంగీకరించేది కృప వల్లనే, మన యోగ్యత వల్ల కాదు, ఆ కృపే మనల్ని సత్క్రియలకు పురికొల్పుతుంది. ఈ రెండు ముక్కలకు నాలుగున్నర శతాబ్దాలు పట్టింది.

మన తెలుగు నేల మీద దీనికి నిదర్శనం అంతకుముందే ఉంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి ఇప్పించాడు. కాని కరువు సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం ఎవరూ దేవుణ్ణి ఒప్పుకోకూడదని ఆయన పట్టుదల. తరవాత జనమే వచ్చి, మాకు సాయం అక్కర్లేదు, బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా తాతకు తాత ఆ కాలువలో మట్టి మోశాడని ఇంట్లో చెప్పుకునేవారు. కూలి కూలిగానే అందింది, విశ్వాసం విశ్వాసంగానే వచ్చింది. ఒకదానికి ఒకటి వెల కాలేదు.

నా నోటుపుస్తకంలో తప్పు అక్కడే ఉంది. డబ్బు పంపడం తప్పు కాదు, దాన్ని బాకీగా రాసుకోవడం తప్పు.

అమ్మ ఇంకో నాలుగు నెలలు బతికింది. తమ్ముడు సెలవు పెట్టి ఆ నాలుగు నెలలూ దగ్గరే ఉన్నాడు. పక్కగుడ్డలు ఉతికాడు, అన్నం తినిపించాడు, రాత్రిళ్ళు ప్రార్థన చేశాడు. నేను ప్రతి శనివారం రైలెక్కేవాణ్ణి. అందులో విశ్వాసం ఎంత, క్రియ ఎంత అని విడదీయడం కామర్సు చదివిన నాకూ చేతకాలేదు.

నోటుపుస్తకం ఇంకా బీరువాలోనే ఉంది. ఆ తరవాత అందులో ఒక్క పద్దూ రాయలేదు.