తెలిసిన ఊరి దారినే ఇంగ్లీషులోకి

తాడేపల్లిగూడెం వైపు నుంచి వచ్చే పొద్దుటి పాసింజరులో, మొన్న ఎదుటి సీటు కుర్రాడి చేతిలో ఒక స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకం కనిపించింది. ముప్పై రోజుల్లో వచ్చేస్తుందని అట్ట మీదే హామీ. భీమడోలు దాటినా పేజీ తిరగలేదు.

"కథల పుస్తకం ఏదైనా చదివావా బాబూ?" అన్నాను.

"నాన్ డీటెయిల్ ఉండేదండి. గైడులో సమ్మరీ బట్టీపట్టి రాసేశాం" అని నవ్వాడు. వట్లూరులో దిగబోతూ, "అయితే ఏది చదవమంటారు సార్?" అన్నాడు. బండి ఆగేదే ఒక్క నిమిషం. అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇది.

ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. పిల్లల పుస్తకమైతే తేలిగ్గా ఉంటుందనుకుంటాం. నండూరి రామమోహనరావు గారి తెలుగులో హకల్‌బెరీ ఫిన్‌తో పాటు మనమూ తెప్ప మీద తిరిగొచ్చాం. ఆ ధైర్యంతో మార్క్ ట్వేన్ మూలం తెరిస్తే మొదటి పేజీలోనే కాలు జారుతుంది. అదంతా మిసిసిపీ ఒడ్డు యాస. 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' నిండా మాటల గారడీ. ఆ భాష బాగా వచ్చినవాళ్లకే ఆ చమత్కారం అందుతుంది. పుస్తకం తేలికా కాదా అన్నది పాత్రల వయసు చెప్పదు. అందులోని లోకం మనకు ఎంత తెలుసన్నదే చెబుతుంది.

అందుకే మొదటి మెట్టు ఆర్.కె. నారాయణ్. 1935లో వచ్చిన 'స్వామి అండ్ ఫ్రెండ్స్' సోమవారం పొద్దున్న కళ్లు తెరవబుద్ధికాని పిల్లవాడితో మొదలవుతుంది. చెయ్యని హోంవర్కు, నాన్నంటే బెదురు, బామ్మ పక్కన కబుర్లు, క్రికెట్ పిచ్చి. వీటిలో దేనికీ మనకు వివరణ అక్కర్లేదు. నవల పెద్దదనిపిస్తే ఆయన మాల్గుడి కథలున్నాయి, ఒక్కోటీ కొద్ది పేజీలే. ఆ తర్వాత రస్కిన్ బాండ్ 'ది బ్లూ అంబ్రెల్లా'. కొండపల్లెలో ఒక పిల్ల, ఒక నీలం గొడుగు, దాని మీద కన్నేసిన కొట్టువాడు, అంతే కథ.

మూడో మెట్టు మన కొల్లేటివాళ్ల కోసమే రాశారేమో అనిపించే పుస్తకం: హెమింగ్వే 'ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ', 1952. ఎనభై నాలుగు రోజులు చేప పడని ముసలి జాలరి కథ. పొట్టి వాక్యాలు, రోజువారీ మాటలు. మధ్యలో 'హార్పూన్' అన్న మాట తగులుతుంది. నిఘంటువు తియ్యకండి. ముసలాయన దాన్ని పైకెత్తి బలమంతా పెట్టి చేప డొక్కలో దించుతాడు. తాటిదోనె, గాలం ఎరిగిన చదువరికి ఆ మాట అర్థం అక్కడే దొరుకుతుంది.

ఇవీ బరువనిపిస్తే సిగ్గుపడాల్సిన పని లేదు. సులభ వాచకాలు పుట్టిందే మనలాంటివాళ్ల కోసం. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్, బెంగాలీ పిల్లల్ని వాచకాల్లోని అరుదైన మాటలే వెనక్కి లాగుతున్నాయని గ్రహించి, తరచుగా వాడే మాటలతో పాఠాలు తిరగరాశాడు. సుమారు రెండు వేల మాటలతో ఆయన కూర్చిన జాబితా 1953లో వచ్చింది. ఇప్పటి ఆక్స్‌ఫర్డ్ బుక్‌వర్మ్స్ మొదటి దశ పుస్తకాలు నాలుగు వందల మూలపదాలతో నడుస్తాయి.

ఇంకో దారి, తెలుగులో తెలిసిన కథనే ఇంగ్లీషులో చదవడం. 1947లో తెలుగు, తమిళాల్లో మొదలైన 'చందమామ' 1955 నుంచి ఇంగ్లీషులోనూ వచ్చింది. బొమ్మ అదే, కథ అదే. రెండు పాత సంచికలు పక్కపక్కన పెట్టుకుంటే అంతకన్నా మంచి మేష్టారు దొరకడు. 1952 ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి గెలిచిన 'గాలివాన' కథకుడు పాలగుమ్మి పద్మరాజు పశ్చిమ గోదావరి జిల్లావారే. ఆ కథ ముందు తెలుగులో చదివి, తర్వాత ఇంగ్లీషులో చదవండి.

లెక్క ఒకటే. పేజీ చదువుతూ తెలియని ప్రతి మాటకీ ఒక వేలు ముడవండి. పేజీ అయ్యేలోపు పిడికిలి బిగుసుకుంటే ఆ పుస్తకం కొన్నాళ్లు పక్కన పెట్టండి. లేదంటే ఆగకుండా చదువుకుపోండి. నిఘంటువు రెండోసారి చదివేటప్పటికి.

ఇంగ్లీషు చదివితే తెలుగు తరిగిపోతుందని బెంగపడేవాళ్లకు వట్లూరు ఇంజనీరింగ్ కళాశాల బోర్డు మీదే జవాబుంది. ఆ కళాశాలకు పేరైన కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చదువుకొచ్చి, తెలుగులో 'కవిత్వ తత్త్వ విచారము' రాశారు.

ఈమధ్య ఆ పాసింజరు ఎక్కేటప్పుడు సంచిలో పాత 'స్వామి' ప్రతి ఒకటి పెట్టుకుంటున్నాను. కుర్రాడు మళ్లీ కనపడలేదు. కనపడితే భీమడోలులో చేతికిస్తాను. దెందులూరు వచ్చేసరికి పేజీ తిరగాలి.