సంతకం పెట్టేముందు లెక్క చూసుకోండి

జగిత్యాల, కోరుట్ల వైపు వంట కాగానే చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళు, సిరిసిల్లలో మరమగ్గాలకు కండెలు చుట్టేవాళ్ళు మీలో ఎందరో ఉంటారు. మీరు కాకపోతే మీ అక్కో, ఆడబిడ్డో. నెలకు ఇరవై రోజుల పని కాస్తా పదికి దిగి, చివరికి "ఇక్కడి కార్ఖానా ఎత్తేస్తున్నాం, పేర్లు తగ్గిస్తున్నాం" అని టేకేదారు కబురంపితే ఏం చేస్తారు? మన రాత ఇంతే అని ఊరుకుంటారు. ఊరుకోకండమ్మా!

ఇంట్లో కూర్చుని చేసేది ఉద్యోగమా అనే సందేహం ముందు వదిలేయండి. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్ళనూ కార్మికులుగానే చూసింది. యజమానులు కోర్టుకెక్కితే 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాలు కొత్త కోడ్‌లలో కలిసిపోయాయి. అలాగని, పని తీసేసేటప్పుడు ఇవ్వవలసిన పరిహారం ఎక్కడికీ పోలేదు.

ఏడాది సర్వీసు ఉన్నవారిని తీసేయాలంటే కారణం రాసి నెల ముందు నోటీసివ్వాలి. లేదా నెల జీతమివ్వాలి. పైగా చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు కూలి. చివర్లో ఆరు నెలలు దాటితే అదీ ఏడాది కిందే లెక్క. మాటవరసకు రోజుకు 200 రూపాయలు, సర్వీసు పదకొండేళ్ళ ఎనిమిది నెలలు అనుకుందాం. పన్నెండేళ్ళ కింద 36,000 రూపాయలు! ఇది గాక కొత్త కోడ్ ప్రకారం ఇంకో 15 రోజుల కూలి 45 రోజుల్లోగా మీ ఖాతాలో పడాలి. రావలసిన కూలి బాకీ రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. అయిదేళ్ళు నిండినవారికి గ్రాట్యుటీ వేరే.

"మాది చిన్న కంపెనీ, ఆ రూళ్ళు మాకు లేవు" అంటారు. ఇది సగం నిజం. 300 మంది, ఆపైన ఉన్న ఫ్యాక్టరీ అయితే మనుషుల్ని తీసేయడానికి సర్కారు అనుమతి కావాలి, చిన్నవాళ్ళకు అక్కర్లేదు. అనుమతి అక్కర్లేదన్నదాన్ని డబ్బు అక్కర్లేదన్నట్టు చెప్పడంలో మనవాళ్ళు ఘనులు లెండి! ఒకే రకం పనిలో చివర చేరినవాళ్ళను ముందు తీయాలి. ఏడాదిలోగా మళ్ళీ మనుషులు కావలిస్తే పాతవాళ్ళనే ముందు పిలవాలి.

సిరిసిల్లలో చిక్కు వేరు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లతో మగ్గాలు ఆడాయి. 2024లో ఆ ఆర్డర్లు లేక ఎన్నో ఆగిపోయాయి. ఆసామి దగ్గర పనిచేసేవాళ్ళకు చాలాచోట్ల హాజరు పుస్తకమే ఉండదు. అడగబోతే "నువ్వెవరమ్మా?" అంటారు. అందుకే కూలి చీటీలు, బ్యాంకు పుస్తకం, బీడీ కార్డు, పి.ఎఫ్. నంబరు బియ్యం డబ్బాలో పడేయకుండా ఒకచోట దాచుకోండి. రేపు సాక్ష్యం అవే.

ఇక అసలు జాగ్రత్త. "పి.ఎఫ్. తొందరగా వస్తుంది" అంటూ కాగితాలమీద సంతకాలు తీసుకుంటారు. వాటిలో "నా ఇష్టంతో మానేస్తున్నాను" అన్న వాక్యం ఉందేమో చూడండి. రాజీనామా ఇచ్చినవారికి ఈ పరిహారం రాదు. చదువుకునే పిల్లలుంటే చదివించుకుని వినండి. ఖాళీ కాగితం మీద సంతకం గానీ, వేలిముద్ర గానీ అస్సలు వేయకండి. పదేళ్ళ సర్వీసు నిండకుండా పెన్షన్ సొమ్ము తీసేసుకుంటే ఆ ఏళ్ళు మళ్ళీ లెక్కకు రావు. స్కీమ్ సర్టిఫికెట్ అడిగి ఉంచుకుంటే, ఇంకోచోట చేరినప్పుడు పాత ఏళ్ళు కలుస్తాయి.

యజమాని వినకపోతే కార్మిక శాఖ అధికారికి అర్జీ పెట్టండి. రశీదు మరవద్దు. జగిత్యాల, సిరిసిల్ల 2016లో జిల్లాలయ్యాయి గనక ప్రతిదానికీ కరీంనగర్ బస్సెక్కే పని తప్పింది. రెండేళ్ళు దాటితే ఆ అధికారి మీ తగాదాను రాజీకి తీసుకోలేరు, ఆలస్యం చేయకండి. వకీలు ఫీజు గురించి దిగులొద్దు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.